క్రొవ్వొత్తి అని వ్రాశాను

తెలుగు పండితుడు పదవీ విరమణ చేసిన తరువాత ఊరివారికి ముఖ్యంగా రెండు పనులకు పనికివస్తాడు. ఒకటి పెళ్ళిపత్రికలో అచ్చుతప్పులు దిద్దడం, రెండవది సన్మాన పత్రం వ్రాయడం. ఈ ఏడెనిమిదేళ్ళలో నేను వ్రాసిన సన్మాన పత్రాలకు లెక్కలేదు. బదిలీ అయిన తహసీలుదారు గారికీ, బడికి గది కట్టించిన దాతకూ, సహకార సంఘం అధ్యక్షునికీ అందరికీ దాదాపు ఒకే విశేషణాలు. వారు కూడా వాటిని సంతోషంగా పుచ్చుకొని, చట్రం కట్టించి, గోడకు తగిలించుకున్నారు. ఒక్క పత్రం మాత్రం నా ఇంటికి తిరిగి వచ్చింది. ఈ టపా దానిని గురించే.

క్రొత్తగా చదువుతున్న మిత్రుల కోసం రెండు మాటలు. నేను పుట్టింది కడప జిల్లా మైదుకూరు ప్రాంతంలోని ఒక పల్లెలో, క్రైస్తవ కుటుంబంలో. మా నాయన మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, ఆదివారం గుడిలో ఉపదేశి. నేను భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. వారమంతా పెద్దనతోనూ ధూర్జటితోనూ గడిపి, ఆదివారం దావీదు కీర్తనలు పాడుకునేవాణ్ణి. రెండింటి మధ్య నాకెన్నడూ తగవు రాలేదు. విశ్రాంతి కాలంలో మళ్ళీ సొంత ఊరు చేరాను.

మా చిన్న గుడిలో ఆదివార బడి ఒకటి ఉంది. పెద్దలు లోపల ఆరాధనలో ఉండగా, పిల్లలను వెనుక వసారాలోనో వేపచెట్టు క్రిందనో కూర్చోబెట్టి, కథ చెప్పి, పాట నేర్పి, కంఠత వాక్యం అప్పగించుకుంటారు. సాయంత్రం పెద్ద పిల్లలకు యువజన కూటమి. వేసవిలో పది రోజులు సెలవుల బైబిలు బడి. డిసెంబరు వస్తే క్రిస్మస్ నాటిక. ఇవన్నీ పదకొండేళ్ళుగా ఒకే అమ్మాయి చూసుకుంటున్నది. ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదివిన పిల్లే. వారంలో ఆరు రోజులు ఒక ప్రైవేటు బడిలో చాలీచాలని జీతానికి పాఠాలు చెబుతుంది, రాత్రిళ్ళు రవికలు కుడుతుంది. పేరు చెప్పను. ఊరంతా టీచరమ్మ అనే పిలుస్తారు, నేనూ అలాగే అంటాను.

2023 డిసెంబరులో మా సంఘ పెద్దలకు ఒక మంచి బుద్ధి పుట్టింది. క్రిస్మస్ రోజున టీచరమ్మకు శాలువా కప్పి సన్మాన పత్రం ఇవ్వాలన్నారు. వ్రాసే పని ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. నేను మూడు రాత్రులు కూర్చొని ఒక సీసం, దాని క్రింద తేటగీతి, ఆపైన గద్యం వ్రాశాను. సేవాధురీణ అన్నాను. బాలహృదయ వికాసిని అన్నాను. గద్యం చివర, తాను కరిగిపోతూ నలుగురికి వెలుగునిచ్చే క్రొవ్వొత్తి అని ముగించాను. మైదుకూరులో అచ్చు వేయించి, అద్దం బిగించి తెచ్చారు.

క్రిస్మస్ రోజున వేదిక మీద ఆమె కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. పిల్లల నాటిక కూడా జరగలేదు. ఆమెకు ఒంట్లో బాగుండలేదని ఎవరో అన్నారు. అలిగిందని మరెవరో అన్నారు. పెద్దలు నా వైపు చూశారు. "మీ శిష్యురాలే గదా, మీరే పోయి నాలుగు మాటలు చెప్పి రాండి" అన్నారు.

మరుసటి రోజు ప్రొద్దున పత్రం, శాలువా చంకన పెట్టుకొని వెళ్ళాను. దారి పొడుగునా ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. నాగలి మీద చేయి వేసి వెనుకకు చూడరాదన్న సువార్త మాటతో మొదలుపెట్టి, కార్యసాధకునికి అలసట తగదని ముగించాలని నా ఆలోచన. ఆమె మంచం వాల్చి కూర్చోమన్నది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. సగం దాకా వినింది. అప్పుడు పత్రం చేతిలోకి తీసుకొని, నిదానంగా చదివి, ఇలా అన్నది.

"సార్, చానా బాగ రాసినారు. క్రొవ్వొత్తి అని రాసినారు గదా. అది కరిగిపోతాంటే, అయిపోయేలోపల ఇంకొకటి తెచ్చి పెడదామని ఎవరన్నా అనుకుంటారా? లేకపోతే వెలుగు బాగుందని చూస్తా కూచుంటారా?"

నలభై ఏళ్ళుగా అలంకారాలు చెప్పినవాణ్ణి. ఆ రూపకానికి అటువంటి అర్థం ఒకటుందని నాకెన్నడూ తోచలేదు.

తరువాత ఆమె చెప్పినదంతా ఫిర్యాదులా చెప్పలేదు, లెక్క అప్పజెప్పినట్లు చెప్పింది. హాజరు పట్టికలో ముప్పై ఎనిమిది మంది పిల్లలు. నాలుగేళ్ళ బిడ్డ మొదలు పదిహేడేళ్ళ యువకుని దాకా. అట్టలు, రంగుల పెన్సిళ్ళు, బహుమతి పుస్తకాలు అన్నీ ఆమె కుట్టుకూలిలో నుండే. పదకొండేళ్ళుగా పిల్లలతో బయటనే ఉండటం వల్ల ఒక్క ఆదివారమైనా ప్రసంగం మొదలు నుండి చివర దాకా వినలేదు. ఏదైనా ఊరికి పోవలసి వస్తే, "ఈ వారం పిల్లోళ్ళను ఎవరు చూసుకుంటారు?" అన్న ప్రశ్న తప్ప, "పోయిరామ్మా" అన్నవారు లేరు. తల్లికి జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్నప్పుడు కూడా ఆదివారం ఉదయం బస్సెక్కి వచ్చి, కథ చెప్పి, మళ్ళీ బస్సెక్కి పోయింది.

ఇవేవీ ఆమెను కూలదోయలేదు. కూలదోసినది మరొకటి.

మా జిల్లా సంగతి ఎరిగినవారికి కువైటు మాట క్రొత్త కాదు. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి కొన్ని దశాబ్దాలుగా ఆడవారు ఇంటిపనులకు, మగవారు డ్రైవర్లుగా కూలీలుగా కువైటు పోతున్నారు. మా వైపు నుండి కూడా పోయినవారున్నారు. పిల్లలు అవ్వల దగ్గర పెరుగుతారు. అట్లా పెరుగుతున్న పదిహేనేళ్ళ పిల్లవాడొకడు, నవంబరులో ఒక రాత్రి, తనకు బ్రతకాలని లేదని టీచరమ్మకు ఫోను చేసి చెప్పాడట. ఎవరితోనూ చెప్పవద్దని ఒట్టు వేయించుకున్నాడట. ఆమె ఆ ఒట్టుకు కట్టుబడింది. రోజూ రాత్రి వానితో మాట్లాడేది. ఫోను ఎత్తకపోతే అర్ధరాత్రి వాళ్ళ వీధి దాకా నడిచిపోయి, ఇంట్లో దీపం చూసి వచ్చేది. అట్లా మూడు వారాలు. "వానికేమన్నా అయితే నాదే తప్పు అనుకుంటాంటి సార్. నిద్దర లేదు. ఎవరికి చెప్పాల్నో తెలీలేదు" అన్నది.

నేను పత్రం తిరిగి చంకన పెట్టుకొని ఇంటికి వచ్చాను. ఉపన్యాసంలో మిగిలిన సగం నాలోనే ఉండిపోయింది.

ఆ రాత్రి ఏలీయా ప్రవక్త కథ తీసి చదువుకున్నాను. రాజుల మొదటి గ్రంథంలో ఉంది. అంత గొప్ప ప్రవక్త, కర్మెలు కొండ మీద అగ్నిని దింపినవాడు, ఆ తరువాత ఎడారిలోకి పారిపోయి, ఒక చెట్టు క్రింద కూర్చొని, ఇక చాలు, ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడుగుతాడు. మన తెలుగు బైబిలులో ఆ చెట్టును బదరీవృక్షం అన్నారు. బదరి అంటే రేగు. మూలంలోని చెట్టు వేరట, ఎడారిలో పెరిగే ఒక పొద. అయినా మెట్ట పొలాల గట్ల మీద రేగుకంపలు చూస్తూ పెరిగిన నాకు ఈ అనువాదమే దగ్గరగా ఉంటుంది. ఈ కథను నేను చిన్ననాటి నుండి ఎరుగుదును. అందులో జరగనిది ఏమిటో మాత్రం ఆ రాత్రే గమనించాను. దేవదూత వచ్చి ఉపదేశం చేయలేదు. ధైర్యం లేదేమని గద్దించలేదు. తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్ళు ముందు పెట్టాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండవసారి లేపి మళ్ళీ తినిపించాడు, ముందున్న దారి నీ శక్తికి మించినదని ఒప్పుకున్నాడు. ప్రశ్నలూ సమాధానాలూ తరువాత, కొండ మీద. ముందు రొట్టె, నిద్ర.

నేను రొట్టె తీసుకుపోవలసిన ఇంటికి సీసపద్యం తీసుకుపోయాను.

ఇక్కడ కొంచెం వెనుకటి చరిత్ర చెప్పాలి. ఆదివార బడికి మూలపురుషునిగా పేరొందినవాడు రాబర్ట్ రైక్స్ అనే ఆంగ్లేయుడు, గ్లోస్టర్ పట్టణంలో పత్రికా సంపాదకుడు. అక్కడి పేదపిల్లలు గుండుసూదుల కార్ఖానాల్లో వారానికి ఆరు రోజులు పనిచేసేవారు. మిగిలిన ఆ ఒక్క రోజున వారికి చదవడం నేర్పాలని 1780లో బడి మొదలుపెట్టాడు. ఒక విషయం చాలామంది మరచిపోతారు: ఆ తొలి బడుల్లో పాఠం చెప్పిన స్త్రీలకు ఆయన కూలి ఇచ్చాడు. తరువాతి తరాలలో జీతం లేని ఉపాధ్యాయులు ఆ స్థానంలోకి వచ్చారు. వారి త్యాగం వల్లనే ఆ బడి ప్రపంచమంతా ప్రాకింది, సందేహం లేదు. కాని జీతం పోయినప్పుడు, జీతంతో పాటు ఉండే విచారణ కూడా మెల్లగా పోయింది. కూలి ఇచ్చేవాడు పని ఎట్లా సాగుతోందని అడుగుతాడు. ఉచితంగా చేసేవారిని అడగడం మర్యాద కాదనుకున్నామో, అవసరం లేదనుకున్నామో!

మన దేశంలో ఆదివార బడుల సమాఖ్య 1876లో ఏర్పడింది. మన సీమలో ధాత కరవు మొదలైనదీ ఆ సంవత్సరమే. కడపలో లండన్ మిషన్ 1822 నుండి ఉంది. నంద్యాల వైపు మరొక మిషన్, కర్నూలులో బాప్టిస్టులు తరువాత వచ్చారు. కరవుకు ముందే మొదలై, కరవు తరువాత మరీ పెరిగిన పల్లె సంఘాలకు ఏకోపాధ్యాయులు దిక్కయ్యారు. వారం రోజులు అక్షరాలు, ఆదివారం వాక్యం, రాత్రి కూలివారికి రాత్రిబడి, అన్నీ ఒక్క మనిషే. మా నాయన ఆ పరంపరలో చివరి తరంవాడు. జీతం స్వల్పమే. అయినా నెలకొకసారి చుట్టుపట్ల ఉపదేశులందరూ ఒకచోట చేరేవారు. ఆయన సైకిలు తుడుచుకొని, ఉతికిన పంచె కట్టుకొని బయలుదేరడం నాకు గుర్తు. అక్కడ జీతం ఇచ్చేవారు, వచ్చే నెల పాఠాలు చెప్పేవారు, ప్రార్థన ఉండేది. కాని ఇంటికి వచ్చి మా అమ్మతో ఆయన చెప్పుకునేది ఆ మూడూ కాదు. "ఫలానా ఊరి ఉపదేశికి కూడా మన మాదిరే ఉందంట" అనేవాడు. ఆ ఒక్క మాటతో నెల గడిచేది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది, క్రమంగా పల్లెల్లో ప్రభుత్వ బడులు వచ్చాయి, ఏకోపాధ్యాయుల కాలం ముగిసింది. ముగియవలసినదే. కాని ఆ నెలసరి కలయిక కూడా దానితో పాటే పోయింది.

మాది కె.సి. కాలువ చివరి ఆయకట్టుకు దగ్గరి ఊరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి బయలుదేరిన నీరు మూడు వందల కిలోమీటర్లు పారి మా వైపు రావాలి. పైన పుష్కలంగా ఉన్న ఏడు కూడా ఇక్కడికి వచ్చేసరికి కాలువ అడుగు తడుస్తుంది, అంతే. గుడిలో కూడా ఇదే పద్ధతి అని నాకు తోచింది. సభలు, శిక్షణలు, పుస్తకాలు, పట్టణాలలోని పెద్ద సంఘాల దగ్గర ఉంటాయి. వేపచెట్టు క్రింద ముప్పై ఎనిమిది మందితో కూర్చున్న మనిషి చివరి మడి. ఆ మడికి నీరు పారించకుండా, పంట బాగా పండించావని పత్రం చదవబోయాను నేను.

జనవరిలో సంఘ కమిటీ కూర్చున్నప్పుడు ఇదంతా చెప్పాను. ఆ పిల్లవాని పేరు గాని, ఇల్లు గాని చెప్పలేదు. ఒక పెద్దమనిషి, "దేవుని పనికి ఈ లెక్కలేంది సార్? మా కాలంలో ఎవరన్నా అడిగినారా?" అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుండగా స్త్రీల మైత్రిలోని ఒక ముసలమ్మ లేచింది. అక్షరం రాదు, వినికిడి మీదనే బైబిలంతా నోటికి తెలుసు. "మోషేకు మామ ఏం చెప్పినాడు? ప్రొద్దున్నుంచి సాయంత్రం దాకా నువ్వొక్కడివే కూచుంటే నువ్వూ చెడతావు, జనమూ చెడతారు, పదిమందికి పంచు అన్లేదా? అది లెక్క కాదా?" అన్నది. చర్చ అక్కడితో ముగిసింది.

నిర్ణయించినవి చిన్న సంగతులే. ఇతర ఊళ్ళలో ఇటువంటి పనిలో ఉన్నవారికి ఉపయోగపడవచ్చునని వ్రాస్తున్నాను.

పిల్లలను వయసును బట్టి మూడు గుంపులు చేశాము. ప్రతి గుంపు దగ్గర ఇద్దరు పెద్దవారు ఉండాలి, ఒక్కరే ఉండరాదు. ఇది సాయం కోసమే కాదు, పిల్లల భద్రతకు, చెప్పేవారి పేరుకు కూడా రక్ష. రెండు నెలలు చెప్పినవారికి మూడవ నెల విశ్రాంతి. ఆ నెల వారు లోపల కూర్చొని ఆరాధన వినాలి, ఎవరూ పిలవరాదు. అట్టలకూ రంగులకూ నెలకు కొంత సొమ్ము కానుకల నుండే ఇవ్వాలి. నెలలో చివరి శనివారం రాత్రి ఉపాధ్యాయులంతా ఒక ఇంట భోజనం చేయాలి. వడ్డించేది సంఘ పెద్దలు. అక్కడ ప్రసంగం నిషిద్ధం. సంగటి, ఊరిబిండి, కబుర్లు, అంతే.

చివరిది అన్నిటికంటె ముఖ్యమైనది. పిల్లవాడు ప్రాణం మీదికి తెచ్చుకునే మాట అంటే, లేదా తనకు ఎవరైనా హాని చేస్తున్నారని చెబితే, ఆ రహస్యాన్ని ఏ ఉపాధ్యాయుడూ ఒంటరిగా మోయరాదు. "ఎవరితోనూ చెప్పను" అని మాట ఇవ్వరాదు. "నీకు సాయపడగలవారికి మాత్రమే చెబుతాను" అనాలి. పిల్లల సహాయానికి 1098 ఉంది. మనసు కుంగినవారి కోసం 2022 నుండి ప్రభుత్వం నడుపుతున్న టెలి మానస్ 14416 ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం. ఇవేవీ టీచరమ్మకు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియవు. పిల్లలను అప్పజెప్పేటప్పుడు పాటల పుస్తకం ఇచ్చాము గాని, ఈ నాలుగు మాటలు చెప్పలేదు.

ఆ పిల్లవాని సంగతి అడుగుతారని తెలుసు. నేను టీచరమ్మ ఇంటికి పోయి వచ్చిన మరునాడే, ఆమె ముందుగా వానితో మాట్లాడి ఒప్పించి, అయ్యగారి భార్యను వెంటబెట్టుకొని అవ్వ దగ్గరకు పోయింది. డాక్టరుకు చూపించారు. తల్లి సెలవు పెట్టి వచ్చి రెండు నెలలు ఉంది. ఇప్పుడు ఇంటర్మీడియట్ ముగించాడు. అంతా చక్కబడిందని చెప్పను, మంచి రోజులూ చెడ్డ రోజులూ ఉన్నాయి. చెడ్డ రోజున ఫోను చేయడానికి ఇప్పుడు వానికి నలుగురున్నారు.

టీచరమ్మ ఆరు నెలలు ఆదివార బడికి రాలేదు. మేమూ పిలవలేదు. గుడిలో నాలుగవ వరుసలో కూర్చొని ప్రసంగం వినేది. మొదటి రెండు వారాలు నిద్రపోయింది కూడా. ఎవరూ లేపలేదు.

ఆ ఆరు నెలల్లో ఎనిమిది మొదలు పది సంవత్సరాల వారి గుంపు నాకూ, కొత్తగా పెళ్ళై వచ్చిన ఒక కోడలికీ పడింది. ఉన్నత పాఠశాలలను ఏలినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. తప్పిపోయిన కుమారుని కథను సమాసాలతో, సందర్భశుద్ధితో వర్ణించాను. "పశ్చాత్తాపదగ్ధ హృదయుడై" అన్న చోట ఒక పిల్ల చెయ్యెత్తింది. పశ్చాత్తాపం అంటే ఏమిటని అడుగుతుందేమో అని మురిసిపోయాను. "సార్, ఆ పందులు ఎవరివి?" అన్నది. ఇంకొకడు, "వాళ్ళన్నకు గూడ కూర పెట్టినారా?" అన్నాడు. ముప్పావు గంటలో గొంతు బొంగురుపోయి, నడుము పట్టుకుపోయి, ఇంటికి వచ్చి పడుకున్నాను. పదకొండేళ్ళు! నెలకు నాలుగు వారాలు! అప్పటికి గాని నా సన్మాన పత్రంలో ఒక్క నిజమైన వాక్యం లేదని నాకు తెలియలేదు. అవును, అన్న విషయం అడిగిన పిల్లవాడు కథలోని అసలు ప్రశ్న అడిగాడు. ఇంట్లోనే ఉండి రోజూ పనిచేసిన కొడుకును ఎవరు పట్టించుకున్నారు?

టీచరమ్మ జులైలో తిరిగి వచ్చింది, చిన్నపిల్లల గుంపుకు మాత్రమే. నాటికలు ఇప్పుడు ఇంకొకరు చూస్తారు. సొమ్ము అన్ని నెలలూ సరిగా అందదు. పత్తి తీసే రోజుల్లో రెండవ మనిషి దొరకక ఒక్కరితోనే నడిపిన ఆదివారాలున్నాయి. శనివారం భోజనం మాత్రం ఇంతవరకు తప్పలేదు.

ఆ పత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె దానిని మళ్ళీ తీసుకోలేదు. అచ్చు కాగితం నేనే దాచుకున్నాను, పండితులకు బుద్ధి చెప్పే వస్తువుగా. అద్దమూ చట్రమూ గుడికి ఇచ్చాను. వసారా గోడకు తగిలించి, అందులో ఏ వారం ఎవరెవరు అన్న పట్టిక పెడుతున్నారు. మూడు నెలలకొకసారి కాగితం మారుతుంది. వ్రాసేది నేనే. విశేషణాలు ఉండవు, పేర్లు మాత్రమే. ప్రతి పేరు ప్రక్కన ఇంకొక పేరు.

మిత్రులారా, మీ ఊరిలో గుడి కావచ్చు, భజన మందిరం కావచ్చు, మదరసా కావచ్చు, గ్రంథాలయం కావచ్చు. పిల్లలను కూర్చోబెట్టుకొని ఉచితంగా ఏదో చెప్పేవారు ఎవరో ఒకరు ఉంటారు. ఈసారి కనబడినప్పుడు మీరు చేసేది గొప్ప సేవ అని అనకండి. నేను అని చూశాను. "మీకు తోడు ఎవరున్నారు?" అని అడగండి. ఎవరూ లేరంటే, వచ్చే వారం ఒక గంట వెళ్ళి ప్రక్కన కూర్చోండి.